పద్దెనిమిది శాతం సంసారం

హనుమాన్ జంక్షన్‌లో నాలుగు దిక్కులకీ రోడ్లున్నాయి. ఒకటి బెజవాడకి, ఒకటి ఏలూరుకి, ఒకటి నూజివీడుకి, ఒకటి గుడివాడకి. ఎటు పోయినా కొత్త ఫోన్లమ్మే కొట్లే. అయినా నాలుగురోడ్ల దగ్గర ఆంజనేయస్వామి నిలబడ్డట్టు నేనూ 2018లో కొన్న ఫోను పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. స్వామి నిలబడింది భక్తుల కోసం. నేను నిలబడింది పదిహేను వేల కోసం.

పైగా రిటైరైన లెక్కల మేష్టార్ని. రూపాయి ఖర్చు పెట్టేముందు రెండు పద్ధతుల్లో చేసి, రెండు జవాబులూ ఒకటే వచ్చాయో లేదో సరిచూసుకునే రకం. ఈ విషయంలో ఏ పద్ధతిలో చేసినా "ఇంకో ఏడాది లాగించొచ్చు" అనే వచ్చేది.

నా ఫోను ప్రధాన జబ్బు 18 శాతం. బ్యాటరీ 18 శాతం ఉందని చూపిస్తుంది, చూపిస్తూ చూపిస్తూనే గుటుక్కుమంటుంది. నాకు ఇదేమీ వింతగా తోచలేదు. నూజివీడు రైల్వే స్టేషను నూజివీడులో లేదు, మా జంక్షన్‌లో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, మేం కృష్ణాలో ఉండిపోయాం, స్టేషను మాత్రం ఆ పేరుతోనే మా దగ్గర ఉండిపోయింది. బోర్డు మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటే అయి తీరాలని మా ఊరివాడెవడూ పట్టుబట్టడు.

మా ఆవిడ పట్టుబట్టింది. "ఏవండీ, ఉన్న పద్దెనిమిదీ ఏమైనట్టు?"

పాఠం చెప్పే అవకాశం వస్తే నేను వదలను. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపల కరెంటుకి అడ్డు పెరుగుతుంది. టైమెంతైందో చూపించమంటే చూపిస్తుంది. కెమెరానో, డబ్బులు పంపే యాప్‌నో తెరిచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగామా, వోల్టేజి ధడాలున పడిపోతుంది, ఫోను ఆగిపోతుంది. కాబట్టి 18 శాతం ఉన్న మాట నిజమే, అడిగిన సమయానికి బయటికి రాదంతే. మామూలు ఫోను బ్యాటరీ సుమారు 500 సార్లు నిండా చార్జయ్యేసరికి, కొత్తలో పట్టినదాంట్లో 80 శాతమే పట్టే స్థితికి దిగుతుంది. నాది ఆ మైలురాయి ఏనాడో దాటేసింది. ఈ బ్యాటరీకి పునాది వేసినవాళ్లలో ఒకరైన జాన్ గుడెనఫ్‌కి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు 97 ఏళ్లు. అంత వయసులో నోబెల్ అందుకున్నవాళ్లు మరొకరు లేరు. నూరేళ్లు నిండాక 2023లో పోయారు. చేసినాయన అంతకాలం నిలబడ్డాడు గానీ చేసిన వస్తువుకి ఆ ఆయుర్దాయం అబ్బలేదు.

అంతా విని మా ఆవిడ, "అంటే దగ్గరుండీ అడిగితే ఇవ్వదన్నమాట. మనింట్లో ఇది రెండోది" అని నా వైపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిజానికి ఈ జబ్బు మీద నాకు అంత కోపం లేదు. ఎందుకు లేదో చివర్లో చెబుతాను. ముందు మిగతా జబ్బులు.

మొదట చార్జింగ్ ఎక్కడం మానేసింది. కేబుల్ పెడితే కాసేపు ఎక్కి, ఎవరైనా దగ్గితే ఆగిపోయేది. నేను కేబుల్ మార్చాను. తర్వాత చార్జర్ మార్చాను. తర్వాత చార్జర్‌కి తగ్గ కేబుల్, ఆ కేబుల్‌కి తగ్గ ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్నాను. కాలెండరు మేకుకి వేలాడే కేబుళ్లలో తిథి నక్షత్రం కనపడడం మానేశాయి. ఫోనుని గోడకానించి, కేబుల్‌ని పైకి వంచి, మీద తెలుగు నిఘంటువు బరువు పెడితే ఎక్కేది. బ్రౌన్ దొర కష్టపడి కూర్చిన పుస్తకం చివరికి ఆ పనికొచ్చింది.

జంక్షన్‌లో ఫోన్లు బాగుచేసే కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. "చార్జింగ్ పిన్ను పోయిందిరా, మార్చాలి" అని నేనే రోగం నిర్ణయించి చెప్పాను. వాడు టార్చి వేసి చూసి, "పోలేదు మాస్టారూ, నిండిపోయింది" అన్నాడు. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకితే లోపల్నించి జేబులోని దూది ఉండలు కట్టి వచ్చింది. దూదితోపాటు వక్కపొడి వచ్చింది. కేబుల్ గుచ్చిన ప్రతిసారీ ఆ చెత్త ఇంకాస్త లోపలికి దిగి గట్టిపడుతుందట, దాంతో కేబుల్ కొన చివరిదాకా వెళ్లదట. "ఇంట్లో ఎవరైనా పిన్నీసు పెట్టి కెలికారా? లోపల గీతలున్నాయి. ఇనుపముక్క తగిలితే షార్టయిపోతుంది మాస్టారూ" అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని చెప్పాను. మా మనవడు అమెరికాలో ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో "మేష్టారి ఫోను, వైద్య ఖర్చులు" అని శీర్షిక పెట్టి, కేబుళ్ల ధరలన్నీ వరసగా రాసి ఉంచింది. పాల పుస్తకం ముందునుంచి రోజూ నిండుతుంది. ఇది వెనకనుంచి నిండడం మొదలైంది. రెండూ ఎక్కడ కలుసుకుంటాయా అని నాకు లెక్కల మేష్టారుగా కుతూహలం, భర్తగా భయం.

తర్వాత ఫోన్లో మాటలు వినపడడం తగ్గింది. అవతలివాళ్లు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. మనవడితో మాట్లాడేటప్పుడు నేను అరిచేవాణ్ణి, నేను అరుస్తున్నానని వాడూ అరిచేవాడు, మా సంభాషణ గన్నవరంలో దిగే విమానాలకి అడ్డమవుతుందేమోనని ఇరుగుపొరుగు బెంగపడేవారు. ఫోనుకి ఖర్చు పెట్టడమెందుకని నా చెవులు చూపించుకోవడానికి వెళ్లాను. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, "చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఏ చెవి దగ్గర పెట్టుకుంటారో ఆ ఫోను చూపించండి" అన్నారు. పైన మాట వినిపించే సన్నని జాలీ మీద చెమట, దుమ్ము, స్నానం చేశాక పూసుకునే పౌడరు, అన్నీ కలిసి సున్నం కొట్టినట్టు గట్టిపడ్డాయి. పొడి టూత్‌బ్రష్‌తో నాలుగుసార్లు రాస్తే పోయేదానికి చెవుల డాక్టరు ఫీజు కట్టాను. అదీ పాల పుస్తకంలోకెక్కింది.

బాగా వినపడడం మొదలయ్యాక తెలిసింది, ఇన్నాళ్లూ మనవడు అవతలినుంచి "తాతయ్యా, కొత్త ఫోను కొనుక్కో" అంటున్నాడని.

ఇక బియ్యం సంగతి. పెరట్లో గిన్నెలు నానేసిన టబ్బులోకి ఫోను జారిపడింది. బయటికి తీసి తువ్వాలుతో తుడుస్తుంటే మా అమ్మ, "ఒరేయ్, బియ్యంలో పెట్టరా, నీరు లాగేస్తుంది" అంది. మా ఆవిడ ఈ ఏటి బియ్యం బస్తా చూపించింది. "కొత్తబియ్యం ఎందుకే, వాటికే తడి పోలేదు. పాతబియ్యం తియ్యి" అని అమ్మ. "పాతవి సంక్రాంతి పరమాన్నానికి దాచానత్తయ్యగారూ, ఆ ఫోను పడింది అంట్ల నీళ్లలో" అని మా ఆవిడ. అత్తాకోడళ్లు వరి రకాల మీద మాట్లాడుకుంటుంటే ఫోను నా చేతిలో నీళ్లు కారుస్తూ నిలబడింది. చివరికి అమ్మ మాటే నెగ్గింది. బాపట్ల శాస్త్రవేత్తలు 1986లో బీపీటీ 5204ని, అదే మన సాంబ మసూరిని, విడుదల చేసినప్పుడు ఇలాంటి ఉపయోగం ఒకటుందని ఊహించి ఉండరు.

తడిసిన ఫోనుని ముందు ఆపేయాలి. అది నేను మర్చిపోయాను. తెల్లవారుజామున అమ్మ పొయ్యి దగ్గరికెళ్లేసరికి బియ్యం డబ్బాలోంచి హనుమాన్ చాలీసా వినిపించింది. అది నా అలారం. అమ్మ డబ్బాకి దణ్ణం పెట్టి, నన్ను లేపకుండా, జంక్షన్‌లో గుడికి వెళ్లి ప్రదక్షిణాలు చేసి వచ్చింది. వచ్చాక అసలు సంగతి చెప్పాం. "పాడింది ఫోనైతే పాడించింది స్వామి కాదూ?" అంది. ఈ వాదానికి నా దగ్గర ఏ సూత్రమూ లేదు.

ఫోను బతికింది గానీ ఇయర్‌ఫోను పెట్టుకునే రంధ్రంలో ఒక గింజ ఇరుక్కుపోయింది. బాగుచేసే కుర్రాడు దాన్ని తీస్తూ, బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీ 2024లోనే చెప్పిందన్నాడు. గింజల నలుసులు లోపలికెళ్లి పాడుచేస్తాయట. ఫోను ఆపేసి, నీళ్లు కిందికి దులిపి, చార్జింగ్ పెట్టకుండా గాలి తగిలేచోట ఆరనిస్తే చాలట. "డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ మాట చెప్పడం కష్టం మాస్టారూ, నా దగ్గరికి నెలనెలా బియ్యం వస్తూనే ఉంటాయి" అన్నాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఫోన్లకి అంతదాకా అక్కర్లేదు. బయటి ఎండ 35 డిగ్రీలు దాటితేనే చాలా ఫోన్లకి ఇబ్బంది. మా దగ్గర 40 దాటిన రోజుల్నే వేసవి అంటారు, అంతకులోపు ఉన్నది మామూలు వాతావరణం. మధ్యాహ్నం స్కూటరు ముందుపెట్టెలో ఫోను వదిలేసి, నూజివీడు రోడ్డు మీద చిన్నరసాలు బేరమాడి వచ్చేసరికి, "ఫోను బాగా వేడెక్కింది, చల్లబడేదాకా వాడరాదు" అని తెర మీద నోటీసు. నేను వెంటనే ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టేశాను. పెరుగు తీయబోయిన మా ఆవిడకి దోసెలపిండి పక్కన ఫోను కనిపించింది. ఏమీ అనలేదు. పిండి గిన్నె మూత మాత్రం ఇంకొంచెం గట్టిగా పెట్టింది. చల్లబడ్డ ఫోనుని బయటికి తీయగానే దాని ఒళ్లంతా చెమట పట్టింది. లోపలా పట్టిందట, తడి చేరింది. బియ్యంలో ఎండబెట్టినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి తడిపానన్నమాట. నీడన, పౌచ్ తీసేసి, చార్జింగ్‌లోంచి తప్పించి ఉంచితే దానంతటదే చల్లబడుతుందని తర్వాత తెలిసింది. పాఠం చెప్పేవాడికి పాఠం ఎప్పుడూ తర్వాతే తెలుస్తుంది.

ఈలోగా మెమరీ నిండిపోయింది. మా రిటైర్డ్ ఉపాధ్యాయుల గ్రూపులో తెల్లారకముందే గులాబీలతో, సూర్యోదయంతో, చేతులు జోడించిన పాపాయితో శుభోదయాలు దిగుతాయి. ఇది మా ఒక్కరి జబ్బు కాదు. వాల్‌స్ట్రీట్ జర్నల్ 2018 జనవరిలో దీనిమీద ఓ కథనమే రాసింది. అమెరికాలో పదిమందిలో ఒకరి ఫోను రోజూ నిండిపోతుంటే, మన దేశంలో ముగ్గురిలో ఒకరిది నిండుతోందట. ఈ శుభోదయాలను ఏరిపారేయడానికి గూగుల్ వాళ్లు 2017 డిసెంబరులో ఓ యాప్ కూడా తెచ్చారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజనీర్లు మా డ్రిల్లు మేష్టారి గులాబీలను పట్టుకోవడానికి కూర్చున్నారంటే నాకు గర్వంగానే ఉంది.

గులాబీలను తీసేయడం తేలికే. కష్టమల్లా దేవుళ్లతో. గుడి మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్నా మంగళవారం వస్తే ఫోన్లోకి ఆంజనేయస్వామి బొమ్మలు వరదలా దిగుతాయి. ఆంజనేయుణ్ణి చెత్తబుట్ట గుర్తు మీదికి లాగాలంటే వేలు వణికింది. శనివారం వెంకటేశ్వరస్వామి, గురువారం సాయిబాబా, ఎవరిని తీసేస్తే ఎవరికి కోపమో. రెండేళ్లపాటు దేవుళ్లందరినీ ఉంచి మనవడి వీడియోలు తీసేస్తూ వచ్చాను. మా ఆవిడే తేల్చింది. "పొద్దున పెట్టిన పూలు మర్నాడు తీసేయడం లేదూ? నిర్మాల్యం అనుకుని తీసేయండి." ఆ తర్వాత ఫోను తీసుకుని, బొమ్మలు వాటంతటవి దిగకుండా సెట్టింగ్ మార్చింది. అలాంటి సెట్టింగ్ ఉన్నట్టు నాకు తెలుసు. ఆవిడకి తెలుసని తెలియదు.

ఇన్ని జరిగినా ఫోను మంచిదే. దానికి మిఠాయిలు ఆగిపోయాయి, అంతే. ఆండ్రాయిడ్ వాళ్లు ఒక్కో కొత్త రూపానికి ఒక్కో మిఠాయి పేరు పెట్టేవారు. నా ఫోను ఓరియోతో వచ్చి, "పై"కి మారి, అక్కడ ఆగింది. 2019లో కంపెనీవాళ్లే మిఠాయి పేర్లు మానేసి 10, 11 అని అంకెల్లోకి దిగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టరుగారు నాకు బందరు లడ్డు బందు చేసి, నా బతుకునీ షుగరు అంకెల్లోకి దించారు. బందరు లడ్డు పేరు పెట్టే అదృష్టం ఆండ్రాయిడ్‌కి పట్టకుండానే ఆ కాలం అయిపోయింది. కొత్త రూపాలు ఆగితే భద్రతకి సంబంధించిన సవరణలూ ఆగిపోతాయి. కొన్నాళ్లకి బ్యాంకు యాప్ నిద్ర లేచి, "మీ ఫోను పాతది, ఇందులో ఇకమీదట పనిచేయను" అని ముందుగా నోటీసిచ్చింది. ఉద్యోగంలో కూడా నాకు అంత మర్యాదగా నోటీసివ్వలేదు.

ఇంతలో ఓ మధ్యాహ్నం వీధిలో మైకు. "పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం... పగిలిపోయిన సెల్‌ఫోన్లు కొంటాం..." బండి మీద ప్లాస్టిక్ బకెట్లు, టబ్బులు. మా ఆవిడ నా ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఎర్ర బకెట్టు కేసి చూస్తోంది. పరుగున వెళ్లి ఆపాను. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు ఒక ముఠా దగ్గర ఇలా సేకరించిన పాత ఫోన్లు సుమారు 4,000 పట్టుకున్నారు. ప్లాస్టిక్ సామాన్లకి కొని సైబర్ మోసగాళ్లకి చేరవేస్తున్నారట. ఇచ్చేముందు గూగుల్ ఖాతా తీసేసి, ఫోనంతా తుడిచేసి ఇవ్వాలి, అదీ తెలిసినవాళ్లకే ఇవ్వాలని వీధిలోనే ఉపన్యాసమిచ్చాను. పక్కింటావిడ చేతిలో ఫోను వెనక్కి తీసుకుని లోపలికెళ్లిపోయింది. బండివాడు నా వైపు చూసిన చూపులో ఎర్ర బకెట్టంత కోపముంది.

ఆ రాత్రే ఫోను వెనక రేకు పైకి లేచింది. బ్యాటరీ ఉబ్బింది. నేను రబ్బరు బ్యాండు వేసి, పక్కలో పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే చూసిన కుర్రాడికి నోట మాట రాలేదు. "మాస్టారూ, లోపల రసాయనాలు చెడి గ్యాసు పుట్టింది. నొక్కితే, గుచ్చితే అంటుకుంటుంది. మీరు దీన్ని కట్టేసి పక్కలో పడుకున్నారా?" అని, జాగ్రత్తగా పాతది తీసేసి కొత్త బ్యాటరీ వేశాడు. తొమ్మిది వందలు. కొత్త బ్యాటరీ తెర మీద 34 శాతం చూపించింది. వాడు దానివంక చూసి, నావంక చూసి, "పదో తరగతి ప్రీఫైనల్లో మీరు నాకు వేసిన మార్కులు మాస్టారూ. ఒక్క మార్కు కలపమంటే కలపలేదు" అన్నాడు. తొమ్మిది వందల్లో వాడూ ఏమీ తగ్గించలేదు.

ఇప్పుడు ఇందాక చెబుతానన్న సంగతి. ఆ 18 శాతం జబ్బు నాకు ఎన్నో మేళ్లు చేసింది. ఆదివారం మా బావ, అంటే మా ఆవిడ అన్నగారు, గుడివాడ నుంచి వస్తే హోటల్లో టిఫిను చేస్తాం. బిల్లు రాగానే నేనే ముందు ఫోను తీసి, "ఉండు బావా, నేనిస్తా" అని యాప్ తెరిచేవాణ్ణి. తెరవగానే ఫోను ఆగిపోయేది. బావ నవ్వుతూ కట్టేసేవాడు. బెజవాడ బస్సులోనూ అంతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం కనక మా ఆవిడకి సున్నా టిక్కెట్టు. నాకు మాత్రం డబ్బు కట్టాలి. ఫోను తీసేవాణ్ణి, అది పోయేది, మా ఆవిడ చేతిసంచీలోంచి నోటు తీసిచ్చేది. చార్జింగ్ నిండా పెట్టుకుని బయల్దేరొచ్చు కదా అంటారా? మీకు లెక్కలు రావు. శనివారం రాత్రి నేను చార్జింగ్ పెట్టేవాణ్ణి కాదు.

ఫోను బాగుపడ్డ ఉత్సాహంలో ఇవేవీ ఆలోచించకుండా భోజనం దగ్గర మీసం తిప్పాను. "చూశావుటే, కొత్తది పదిహేను వేలు. తొమ్మిది వందలతో సరిపెట్టాను. పద్నాలుగు వేల వంద మిగిల్చాను."

మా ఆవిడ మజ్జిగ పోసి, పాల పుస్తకం తెచ్చి, వెనక పేజీ తిప్పింది. "కేబుళ్లు, చార్జర్లు, చెవుల డాక్టరు, అన్నీ కలిపి అయిదు వేల ఆరు వందలు. అవి పోనూ మిగిలింది ఎనిమిది వేల అయిదు వందలు. ఆ మిగిల్చినవి ఇటు పంపండి."

"మిగిలిందంటే చేతిలో ఉన్నట్టు కాదే, ఖర్చు కానట్టు..."

"దగ్గరుండీ అడిగితే ఇవ్వనిది ఒక్కటే బాగైందా?"

అమ్మ వింటోంది. నేను ఫోను తీశాను. యాప్ తెరిచాను. ఫోను ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. పిన్ను అడిగింది, కొట్టాను, తెర మీద ఆకుపచ్చ టిక్కు మెరిసింది. మా ఆవిడ ఫోను టింగుమంది. ఆవిడ ఎనిమిది వేల అయిదు వందలూ వచ్చాయో లేదో చూసుకుని, అదే ఫోన్లో గుడివాడకి కలిపింది.

"అన్నయ్యా, ఆదివారం టిఫినుకి వదిన్నీ పిల్లల్నీ కూడా తీసుకురా. మీ బావగారి ఫోను బాగైంది."